ఒరవడి నుంచి సొంత రాత దాకా: పారశీక లిపికళ

కలం, కాగితం, దస్తావేజు, దస్కతు. ఈ మాటలు మన ఊళ్లలో చదువు రాని పెద్దవాళ్ల నోట కూడా వినిపిస్తాయి. ఇవన్నీ ఫారసీ భాష ద్వారా మనకు చేరినవే. ఫారసీలో ‘దస్త్’ అంటే చెయ్యి, ‘ఖత్’ అంటే రాత. రెండూ కలిసి దస్కతు అయింది. గోల్కొండను కుతుబ్‌షాహీలు ఏలిన కాలం (1518–1687) నుంచి నిజాముల కాలం దాకా దర్బారు వ్యవహారాల్లో ఫారసీదే పెద్దపీట. 1880ల్లో గాని నిజాం ప్రభుత్వం దాని స్థానంలో ఉర్దూను పెట్టలేదు.

మాటలైతే వచ్చాయి గాని, ఆ మాటలు పుట్టిన చోట ‘రాత’ ఎంత పెద్ద కళో మనలో చాలామందికి తెలియదు. ఇరాన్ దేశంలో అందంగా అక్షరం రాయడాన్ని చిత్రలేఖనం కంటే గొప్పగా చూసిన కాలం ఉంది. చేయి తిరిగిన రాతగాడు రాసిన ఒక్క కాగితం కోసం రాజులు పోటీపడేవారు. పీజీలో చరిత్ర విద్యార్థిగా గోల్కొండ సమాధుల మీది రాతల గురించి చదువుతూ నేను ఈ విషయంలోకి వచ్చాను. చదివేకొద్దీ ఇది మన హాస్టల్ తమ్ముళ్లకు చెప్పవలసిన సంగతి అనిపించింది.

ఎందుకంటే, చిన్నప్పటి నుంచి మనం చేసే పని ఒకటుంది. దాని పేరు చూచిరాత. పంతులుగారు పైన ఒక వరస రాసిస్తారు, మనం కింద పదిసార్లు రాస్తాం. పైన రాసిచ్చిన ఆ వరసనే ఒరవడి అంటాం. చూసి రాసేవాడికి సొంత తెలివి ఉండదనీ, హాస్టల్ పిల్లలది బట్టీ చదువనీ అనేవాళ్లు ఉన్నారు. చూసి రాయడం చదువులో ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి, సొంత రాత ఎప్పుడు వస్తుంది? ఈ ప్రశ్నలకు పారశీక లిపికళలో ఆరు వందల ఏళ్ల అనుభవం ఉంది. అందుకే ఈ వ్యాసం.

వాలుగా దిగే రాత

ఫారసీ భాషకు అరబ్బీ లిపినే వాడతారు. అరబ్బీలో లేని ప, చ, ఝ, గ వంటి నాలుగు ధ్వనులకు నాలుగు అక్షరాలు చేర్చుకుని మొత్తం 32 అక్షరాలు చేసుకున్నారు. రాత కుడి నుంచి ఎడమకు సాగుతుంది. ఒకే అక్షరం మాట మొదట్లో ఒక రూపంలో, నడుమ ఇంకో రూపంలో, చివర మరో రూపంలో ఉంటుంది.

ఈ లిపిని రాసే తీరులు చాలా ఉన్నాయి. 10వ శతాబ్దంలో బాగ్దాద్‌లో ఇబ్న్ ముక్లా అనే మంత్రి అక్షరాలకు కొలతలు కట్టాడు. రాజకీయాల్లో ఓడిపోయిన ఆయనకు కుడిచెయ్యి నరికారు. మొండిచేతికి కలం కట్టుకుని రాశాడని చెప్పుకుంటారు. క్రీ.శ. 940లో ఖైదులోనే చనిపోయాడు. చెయ్యి పోయింది గాని ఆయన కట్టిన కొలత మాత్రం నిలిచింది. తర్వాత వచ్చిన రాతలన్నీ ఆ కొలత మీదే నిలబడ్డాయి.

ఇరానీయులు తమ భాషకు, ముఖ్యంగా కవిత్వానికి, తగిన రాతను 14వ శతాబ్దంలో తయారు చేసుకున్నారు. దాని పేరు నస్తాలీక్. పుస్తకాలు రాసే ‘నస్ఖ్’, ఉత్తరాలు రాసే ‘తాలీక్’ అనే రెండు రాతల కలయిక ఇది. మీర్ అలీ తబ్రీజీ దీన్ని కనిపెట్టాడంటారు. ఎగిరే బాతులను కలలో చూసి, వాటి రెక్కల వంపులో అక్షరాలు తీర్చాడని ఒక కథ కూడా ఉంది. అప్పటికే పదిమంది చేతుల్లో మారుతూ వస్తున్న రాతకు ఆయన ఒక క్రమం ఇచ్చాడనడం సబబుగా ఉంటుంది. 1396లో బాగ్దాద్‌లో ఆయన రాసిన ఖ్వాజూ కిర్మానీ కావ్యాల ప్రతి నేటికీ లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

నస్తాలీక్‌లో మాట పైన మొదలై ఎడమవైపుకు వాలుగా దిగుతుంది. నిలువు గీతలు పొట్టిగా, అడ్డ గీతలు పొడుగ్గా ఉంటాయి. ఒకే అక్షరంలో గీత ఒకచోట బాగా లావై, మరొకచోట వెంట్రుక అంత సన్నబడుతుంది. చార్మినార్ దగ్గర ఉర్దూ బోర్డులు చూసినవాళ్లు ఈ రాతను చూసినట్టే. ఉర్దూకు వాడేది ఈ నస్తాలీక్‌నే.

కలం, సిరా, గంజిపెట్టిన కాగితం

ఈ కళకు కావలసినవి ఖరీదైన వస్తువులేమీ కావు. కలం నీటి ఒడ్డున పెరిగే ఒక రకం రెల్లు కాడ. ఇరాన్‌లోని దెజ్‌ఫూల్ ప్రాంతపు రెల్లుకు మంచి పేరు. కాడ కొసను పదునైన కత్తితో ఏటవాలుగా చెక్కి, పక్కలు తీసి, నడుమ సన్నగా చీలుస్తారు. ఆ చీలికలోంచే సిరా కిందికి దిగుతుంది. చివరికి ఎముక లాంటి గట్టి పలక మీద పెట్టి ములికిని ఒక్క వేటుతో కోస్తారు. ములికి కొద్దిగా ఏటవాలుగా, బల్లపరుపుగా ఉండాలి. కలం తిప్పే దిక్కును బట్టి గీత లావు, సన్నం మారేది దీనివల్లనే. కలం చెక్కడం రానివాణ్ణి పాతకాలంలో రాతగాడిగా లెక్కపెట్టేవారు కాదు.

సిరా తయారీలో వాడే సరుకులు మనకు తెలిసినవే. దీపపు మసి ఒక పాలు, అన్నభేది ఒక పాలు, మాచికాయ రెండు పాళ్లు, తుమ్మజిగురు నాలుగు పాళ్లు. ఇది పాత లెక్కల్లో ఒకటి. వీటన్నిటి తర్వాత అసలు సరుకు నూరేవాడి రెట్టల బలం. ఎంత నూరితే సిరా అంత నల్లగా, అంత నునుపుగా దిగుతుంది. సిరాబుడ్డిలో పట్టుదారాల ఉండ ఒకటి వేస్తారు. కలం దాన్ని తాకి అవసరమైనంత సిరా మాత్రమే తీసుకుంటుంది. బుడ్డి పక్కకు ఒరిగినా సిరా ఒలకదు.

కాగితానికి మనం బట్టలకు పెట్టినట్టే గంజి పెడతారు. ఆరాక నున్నని రాయితో గంటల తరబడి రుద్ది మెరుగు తెస్తారు. అప్పుడు సిరా కాగితంలోకి ఇంకిపోకుండా పైనే నిలుస్తుంది. కలం జారుతూ నడుస్తుంది. తప్పుపడితే తడి చేసి తుడిచేయవచ్చు కూడా.

కొలత కలంలోనే ఉంది

కలం కొసను కాగితం మీద ఏటవాలుగా ఆనించి, కొద్దిగా లాగి ఎత్తితే డైమండు ఆకారంలో ఒక చుక్క పడుతుంది. ఆ చుక్కే మొత్తం కళకు కొలబద్ద. ‘అలిఫ్’ అనే నిలువు గీత నస్తాలీక్‌లో మూడు చుక్కల పొడవు. సాగదీసి రాసే పొడుగు గీత సుమారు 9 నుంచి 11 చుక్కల దాకా వెళుతుంది. గిన్నెలాంటి అక్షరం కడుపు వెడల్పు ఎంత, లోతు ఎంత అన్నదీ చుక్కల్లోనే చెబుతారు. మన ఇళ్లలో చుక్కలు పెట్టి ముగ్గు వేసేవాళ్లకు ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. చుక్క కుదిరితే ముగ్గు కుదురుతుంది.

ఇందులో గమనించవలసిన సంగతి ఒకటుంది. ఈ కొలత అంగుళాల్లోనూ సెంటీమీటర్లలోనూ లేదు. సన్నని కలంతో రాస్తే చుక్క చిన్నది, అక్షరమూ చిన్నది. మసీదు గోడకు రాసే పెద్ద కలమైతే చుక్క పెద్దది, అక్షరమూ పెద్దది. కాని మూడు చుక్కల అలిఫ్ ఎక్కడైనా మూడు చుక్కలే. ఎవరి రాతకు కొలత వాళ్ల కలంలోనే ఉంటుంది. బయటి నుంచి తెచ్చిన స్కేలుతో దాన్ని కొలవరు.

చుక్క తర్వాతది ‘కుర్సీ’. అంటే అక్షరాలు కూర్చునే గీత. మన కుర్చీ కూడా ఆ మాటే. వాలుగా దిగే రాత కనుక ఒక్కో అక్షరం ఒక్కో ఎత్తులో కూర్చుంటుంది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో తెలియడమే సగం విద్య. 16వ శతాబ్దపు బాబాషా ఇస్ఫహానీ రాత నేర్చుకునేవాళ్ల కోసం ‘ఆదాబుల్ మష్క్’ అనే చిన్న గ్రంథం రాశాడు. మంచి రాతకు కావలసిన గుణాలు పన్నెండని సంప్రదాయం చెబుతుంది. కూర్పు, కుర్సీ, నిష్పత్తి, బలం, సన్నదనం, చదును, గుండ్రదనం వంటివి వాటిలో ఉన్నాయి. చిట్టచివరి గుణం పేరు ‘షాన్’. తన రాతను తానే ఎంతసేపు చూసినా విసుగు రాని స్థితికి రాతగాడు చేరితే, అతని రాతకు షాన్ వచ్చినట్టు.

మూడు రకాల సాధన

సాధనను ఫారసీలో ‘మష్క్’ అంటారు. గురువు రాసిచ్చే ఒరవడి పేరు ‘సర్‌మష్క్’. బాబాషా ఈ సాధనను మూడు రకాలుగా చెప్పాడు.

మొదటిది చూపు సాధన. కలం ముట్టకుండా గొప్పవాళ్ల రాతను చూస్తూ కూర్చోవడం. ఏ గీత ఎక్కడ లావైంది, ఎక్కడ తిరిగింది అని కళ్లతో నడవడం. చెయ్యి నేర్చుకునే ముందు కన్ను నేర్చుకోవాలి.

రెండోది కలం సాధన. ఒరవడిని ముందు పెట్టుకుని ఉన్నది ఉన్నట్టు రాయడం. ముందు విడి అక్షరాలు, తర్వాత రెండక్షరాల జోడీలు, మాటలు, ఒక పూర్తి వరస. ఈ దశలో సొంత మార్పులు చేయకూడదు.

మూడోది ఊహ సాధన. ఒరవడి పక్కన పెట్టి, మనసులో మెదిలిన కూర్పును సొంతంగా రాయడం.

ఈ మూడింటినీ చెప్పి బాబాషా రెండు హెచ్చరికలు చేశాడు. కలం సాధన మానేసి ఊహ సాధనే చేస్తూ పోతే రాతలో గుజ్జు ఉండదు. ఊహ సాధన మానేసి కలం సాధనే చేస్తూ పోతే, ఇతరుల రాతను చదవగలిగినా తాను రాయలేని మనిషిలా మిగిలిపోతాడు. తమ్ముళ్లారా, ఈ రెండో హెచ్చరికను ఒకటికి రెండుసార్లు చదవండి. బట్టీకీ చదువుకూ ఉన్న తేడాను నాలుగు వందల ఏళ్ల కిందటే ఒక రాతగాడు చెప్పిపెట్టాడు. చూసి రాయడం తప్పు కాదు. చూసి రాయడం దగ్గరే ఆగిపోవడం తప్పు.

దర్బారు నుంచి సాయంకాలపు తరగతికి

నస్తాలీక్‌కు శిఖరంగా చెప్పే పేరు మీర్ ఇమాద్. ఇస్ఫహాన్‌లో షా అబ్బాస్ దర్బారులో ఉండేవాడు. రాజుకు ఆయన మీద మనసు విరిగింది. 1615లో ఒక రాత్రి వీధిలో ఆయన్ని హత్య చేశారు. ఆ తర్వాత ఆయన మేనల్లుడు అబ్దుర్రషీద్ దైలమీ ఇండియాకు వచ్చి షాజహాన్ దర్బారులో చేరాడు. రాకుమారుడు దారా షికో ఆయన దగ్గరే రాత నేర్చుకున్నాడు. రాజు మెచ్చితే బంగారం, మెచ్చకపోతే మెడ మీద కత్తి అన్నట్టుండేది ఆనాటి రాతగాళ్ల బతుకు.

19వ శతాబ్దంలో వచ్చిన మహమ్మద్ రెజా కల్హోర్ (1829–1892) వేరే రకం మనిషి. ఆయనది కుర్దుల కల్హోర్ తెగ. కుర్రతనంలో గుర్రపు స్వారీ, తుపాకీ నేర్చుకుని తర్వాత కలం పట్టాడు. షా కొలువు ఇస్తానంటే జీతానికి కుదురుకోలేదు. రాసినదానికి కూలి తీసుకుని, శిష్యులకు నేర్పుతూ సాదాగా బతికాడు. 1892లో వచ్చిన కలరాలో చనిపోయాడు.

ఆయన కాలానికి ఇరాన్‌లో రాతి అచ్చు వచ్చింది. జిడ్డు సిరాతో రాసినదాన్ని రాతి మీదికి దించి వందల ప్రతులు తీసేవారు. కాని పాత పద్ధతిలో వెంట్రుక అంత సన్నగా తీసిన గీతలు రాతి మీద సరిగా పడేవి కావు, తెగిపోయేవి. కల్హోర్ ఆ సన్నని చోట్లను కాస్త లావు చేశాడు, వంపులను కుదించాడు, అక్షరాలను దగ్గరికి తెచ్చాడు. అలా అచ్చుకు తట్టుకునే కొత్త నస్తాలీక్ తయారైంది. ఒక అవసరం కోసం చేసిన ఆ మార్పే తర్వాతివారికి కొత్త శైలి అయింది.

దీనివల్ల ఇంకో మేలు జరిగింది. మంచి రాత చూడాలంటే ఇక రాజుగారి గ్రంథాలయంలోకి వెళ్లక్కర్లేదు. అచ్చయిన పుస్తకం దొరికితే చాలు. ఇమాదుల్ కుత్తాబ్ అనే రాతగాడు కల్హోర్ అచ్చు ప్రతులను ముందు పెట్టుకుని సాధన చేసి ఆ శైలిని పట్టుకున్నాడు. తర్వాత తానే పిల్లల కోసం ఒరవడి పుస్తకాలు రాశాడు. గురువు ఎదురుగా లేకపోయినా గురువు చేతి గీత ఎదురుగా ఉంటే నేర్చుకోవచ్చని ఆయన చూపించాడు.

1950లో టెహ్రాన్‌లో ప్రభుత్వ లలితకళల శాఖ అండతో ఎవరైనా వచ్చి నేర్చుకోగల తరగతులు మొదలయ్యాయి. హుసేన్ మీర్‌ఖానీ, హసన్ మీర్‌ఖానీ, అలీ అక్బర్ కావే, ఇబ్రహీం బూజరీ అక్కడ నేర్పిన పెద్దలు. అదే నేటి ఇరాన్ ఖుష్‌నవీసుల సంఘం. ‘ఖుష్‌నవీస్’ అంటే అందంగా రాసేవాడు. దేశమంతటా దానికి శాఖలున్నాయి. ఆడవాళ్లు, మగవాళ్లు, ఉద్యోగస్తులు, విద్యార్థులు అందరూ వచ్చి నేర్చుకుంటారు.

అక్కడి చదువు మెట్లు మెట్లుగా ఉంటుంది. ప్రాథమికం, మధ్యమం, ‘ఖుష్’ అంటే బాగు, ‘ఆలీ’ అంటే ఉన్నతం, ‘ముమ్తాజ్’ అంటే శ్రేష్ఠం. ఆ పైన ఇంకో మెట్టు, చివర ఉస్తాద్ పదవి. మెట్టు మెట్టుకూ పరీక్ష. తరగతిలో ఉస్తాద్ శిష్యుడి కళ్ల ముందే ఒరవడి రాసిస్తాడు. శిష్యుడు ఇంటికి తీసుకెళ్లి రాసుకువస్తాడు. ఉస్తాద్ తప్పుపడిన చోట గుర్తు పెట్టి, పక్కనే సరైన గీత రాసి చూపిస్తాడు. ముమ్తాజ్ చేరడానికి ఏళ్లు పడుతుంది. వరస కుదిరాక ‘చలీపా’ నేర్పుతారు. నాలుగు వరసల పద్యాన్ని కాగితం మీద ఏటవాలుగా, మెట్లు మెట్లుగా పేర్చడమే చలీపా.

కంప్యూటరు అక్షరాలు వచ్చాక చేతిరాత అడుగున పడిపోతుందన్న భయం ఇరాన్‌కూ కలిగింది. ప్రభుత్వం, సంఘాలు కలిసి ఈ విద్యను పాఠాలు, పుస్తకాలు, ప్రదర్శనల ద్వారా కాపాడుకుంటూ వచ్చాయి. ఆ కృషిని 2021లో యునెస్కో మంచి పరిరక్షణ పద్ధతుల జాబితాలో చేర్చింది.

పారేసే కాగితమే కళ అయింది

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. సాధన చేసేవాడు కాగితం దండగ చేయలేడు. రాసిన కాగితం మీదే మళ్లీ రాస్తాడు. తలకిందులు చేసి ఖాళీలో రాస్తాడు. ఒకే అక్షరం, ఒకే మాట పదేపదే. చివరికి కాగితమంతా నల్లబడుతుంది. దీన్నే ‘సియాహ్ మష్క్’ అంటారు. సియాహ్ అంటే నలుపు. అంటే నల్ల సాధన. మన రఫ్ నోటుపుస్తకం లాంటిదే. దాచుకునేందుకు కాదు, చేతికి కసరత్తు కోసం రాసింది.

కాని పెద్దల చేతి సియాహ్ మష్క్‌లను చూసినవాళ్లకు అందులో ఒక లయ కనిపించింది. మీర్ ఇమాద్ సాధన కాగితాలను కూడా జనం దాచుకుని ఆల్బముల్లో అతికించుకున్నారు. 19వ శతాబ్దంలో మీర్జా గులాం రెజా ఇస్ఫహానీ దాన్ని తిన్నగా ఒక కళగానే చేపట్టాడు. సాధన కాగితాన్నే నిండు కూర్పుగా తీర్చి కింద సంతకం పెట్టాడు. అందులో చదవడానికి వాక్యం ఉండదు. గీతలు ఒకదాని మీద ఒకటి పడుతూ, లేస్తూ, తిరుగుతూ ఉంటాయి. డప్పు మీద దరువు వింటే మాట లేకపోయినా మనకు అందుతుంది కదా, అలాంటిదన్నమాట.

అర్థం పక్కకు తప్పుకుని గీత మాత్రమే మిగిలే దారి అలా సంప్రదాయం లోపలే తెరుచుకుంది. ఎవరో బయటివాళ్లు వచ్చి తెరిచింది కాదు.

చదవలేని రాత

1960ల్లో ఇరాన్‌లో కొందరు చిత్రకారులు, శిల్పులు అక్షరాన్ని కొత్తగా వాడటం మొదలుపెట్టారు. వీధుల్లో దాహం తీర్చే చలివేంద్రం లాంటి చోటును అక్కడ ‘సక్కాఖానా’ అంటారు. జనం అక్కడ మొక్కుకుని తాళాలు, గుడ్డపీలికలు కట్టేవారు. ఆ జానపద వాతావరణం ఈ బొమ్మల్లో కనిపించడంతో కరీం ఇమామీ అనే విమర్శకుడు వాళ్లకు ఆ పేరే పెట్టాడు. హుసేన్ జెందెరూదీ తావీదుల మీది అంకెలను, అక్షరాలను బొమ్మ నిండా కిక్కిరిసి నింపాడు. 1962లో ఆయన వేసిన ‘నాన్న, నేను’ బొమ్మ న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఉంది. శిల్పి పర్వీజ్ తనావొలీ 1965 నుంచి ‘హీచ్’ అనే మాటను శిల్పాలుగా మలిచాడు. హీచ్ అంటే ‘ఏమీ లేదు’ అని అర్థం. ఏమీ లేదన్న మాటకు ఒళ్లు ఇచ్చి, కుర్చీ మీద కూర్చోబెట్టి, బోనులో నిలబెట్టాడు. నస్తాలీక్‌లో ఆ మాట మొదటి అక్షరం రెండు కళ్లున్న తలలా ఉండటం ఆయనకు కలిసొచ్చింది.

వీళ్లు బొమ్మల వైపు నుంచి అక్షరం దగ్గరికి వచ్చినవాళ్లు. ఇంకో బృందం అక్షరం వైపు నుంచి బొమ్మ దగ్గరికి వెళ్లింది. రెజా మాఫీ (1943–1982), మహమ్మద్ ఎహ్సాయీ, నస్రొల్లా అఫ్జెయీ ఈ కోవలోని వాళ్లు. వీళ్లు ముందు సంప్రదాయ రాత నేర్చారు. ఆ తర్వాత రంగులతో, పెద్ద కాన్వాసు మీద అక్షరాలను అల్లారు. దీన్ని ‘నక్కాషీ ఖత్’ అంటారు, అంటే బొమ్మరాత. ఎహ్సాయీ టెహ్రాన్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పాడు. ఆయన బొమ్మల్లో అక్షరాలు ముళ్లు పడ్డ తాళ్లలా ఒకదానిలోకి ఒకటి దూరిపోతాయి. అయినా ఏ గీత లావూ లెక్క తప్పదు.

1972లో టెహ్రాన్‌లో పుట్టిన గొల్నాజ్ ఫతీ కథ కూడా తెలుసుకోదగినది. ఆమె ఖుష్‌నవీసుల సంఘంలో సంప్రదాయ రాతను పట్టుగా నేర్చుకుంది. ఆ తర్వాత చదవడానికి ఏ మాటా లేని గీతలతో పెద్ద బొమ్మలు వేయడం మొదలుపెట్టింది. ఫారసీ వచ్చినవాడూ చదవలేడు, రానివాడూ చదవలేడు. చూడటం దగ్గర మాత్రం ఇద్దరూ సమానం.

చదవలేనప్పుడు అది రాత ఎలా అవుతుందని సంప్రదాయ ఉస్తాద్‌లు కొందరు అడుగుతారు. ఇష్టమొచ్చినట్టు గీసి కళ అంటున్నారని కోప్పడతారు. వాళ్ల మాటలో నిజం ఉంది. సాధన లేని చేతి గీత వెంటనే తెలిసిపోతుంది. అది వణుకుతుంది, అనవసరమైన చోట లావెక్కుతుంది. కాని మాఫీ, ఎహ్సాయీ, ఫతీల గీతలో వేల గంటల మష్క్ దాగి ఉంది. వాళ్లు వదిలేసింది అర్థాన్ని మాత్రమే, కొలతను కాదు. నిబంధన తెలియక తప్పడం వేరు, నిబంధన తెలిసి దాటడం వేరు. బాబాషా చెప్పిన ఊహ సాధనకు వీళ్లు చాలా దూరం తీసిన దారి ఇదని నేను అనుకుంటున్నాను.

మన హైదరాబాద్‌లో

ఈ కళను చూడాలంటే ఇరాన్ దాకా వెళ్లనక్కర్లేదు. కుతుబ్‌షాహీ సమాధుల నల్లరాయి మీద చెక్కిన రాతలు చూడండి. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఫారసీ రాతప్రతులు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. పాతబస్తీ ఛత్తా బజార్ పెళ్లికార్డుల అచ్చుకు పేరుపడింది. అక్కడ ఉర్దూ కార్డులను చేతితో రాసిచ్చే ‘కాతిబ్’లు ఉండేవారు. నస్తాలీక్‌లో అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి చేరినప్పుడు రూపం మారిపోవడంతో టైపు అక్షరాలకు అది లొంగలేదు. అందుకే ఉర్దూ పత్రికలను చాలాకాలం కాతిబ్‌లే రోజూ చేత్తో రాసేవారు. 1981లో పాకిస్తాన్‌లో సుమారు 20 వేల అక్షరాల కూర్పులతో కంప్యూటరు నస్తాలీక్ తయారైంది. 1990ల్లో ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక మన దగ్గర కూడా కాతిబ్‌ల పని తగ్గిపోయింది. ఎందరో జీవనోపాధి కోల్పోయారు. ఒక యంత్రం వచ్చినప్పుడు కల్హోర్ రాతను మార్చి నిలబడ్డాడు. ఈసారి వచ్చిన యంత్రం మాత్రం రాసే చేతినే పక్కన పెట్టింది.

మీరూ చేసి చూడండి

దీనికి డబ్బు అక్కర్లేదు. చూపుడువేలు లావున్న వెదురు పుల్ల కొసను ఏటవాలుగా చెక్కి, ములికిని బల్లపరుపుగా కోసి, నడుమ చిన్న చీలిక పెట్టండి. బ్లేడు వాడేటప్పుడు పెద్దవాళ్లను పక్కన ఉంచుకోండి. సిరా బుడ్డిలో ఒక దారపు ఉండ వేయండి. ముందు చుక్క పెట్టడం నేర్చుకోండి. వరసగా ఇరవై చుక్కలు ఒకేలా వచ్చిన రోజు, మన తెలుగు ‘అ’ రాయండి. వంపు ఎన్ని చుక్కలు, సున్న ఎన్ని చుక్కలు అని మీరే కొలత కట్టుకోండి. మన లిపి గుండ్రనిది కనుక ఫారసీ కొలత మనకు సరిపోదు. మన కొలత మన కలంతోనే తేలాలి.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాళ్లలో నేనే మొదటివాణ్ణి. మనలో చాలామంది ఇళ్లలో పెద్దవాళ్లు వేలిముద్ర వేసిన కాగితం మీదే సాక్షిగా మనం దస్కతు పెట్టి ఉంటాం. అక్షరం మన ఇళ్లకు ఆలస్యంగా వచ్చింది. కాబట్టి రాత బాగాలేకపోవడం మన పుట్టుకలో ఉన్న లోపం అని ఎవరన్నా నమ్మకండి. గీతకు కులం లేదు, ఊరు లేదు. చూసే కన్ను, దిద్దే చెయ్యి, తప్పు చూపించే మనిషి ఉంటే ఎవరికైనా వస్తుందని ఆరు వందల ఏళ్ల ఈ విద్య రుజువు చేసింది.

లెక్కలైనా, ఇంగ్లీషైనా, పాటైనా ఇంతే. ముందు మంచిదాన్ని నిదానంగా చూడండి. తర్వాత ఉన్నది ఉన్నట్టు దిద్దండి. ఆ తర్వాత పుస్తకం మూసి, మీ సొంత వాక్యం ఒక్కటైనా రాయండి. ఆ మూడో పనిని ఏ రోజూ మానకండి. మీ రఫ్ నోటుపుస్తకాలు మాత్రం పారేయకండి. అందులో నల్లబడ్డ పేజీలే మీ సియాహ్ మష్క్.